ఏడో గడి

జూన్ 3, మంగళవారం. ఉదయం 6:10

నాకు డైరీ అలవాటు లేదు. ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ హాకీ క్లబ్‌కి స్కోరర్‌ని. రాయవలసిందంతా రిజిస్టర్లోనే రాశాను. నిమిషం, ఆటగాడి నంబరు, గోలు, కార్డు. రిజిస్టర్లో మనసుకి గడి లేదు. ఉండకూడదు కూడా. ఇవాళ విడిగా ఈ పుస్తకం తెరవడానికి కారణం నిన్న సాయంత్రం వచ్చిన ఫోన్. పంతులమ్మ గారూ, పోయిన సీజన్ రిజిస్టర్ రేపు ఆఫీసుకి తెచ్చేయండి, కొత్త హెడ్ కోచ్ ఎంపికకి కావాలి అన్నాడు మేనేజర్. అలాగే అన్నాను. పెట్టేశాక చూసుకుంటే అరచేతికి చెమట. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పిన చెయ్యి ఇది. ఇన్‌స్పెక్షన్‌కి పెద్దవాళ్లొచ్చి వెనక బెంచీలో కూర్చున్నప్పుడు కూడా దీనికి చెమట పట్టలేదు.

వరసగా రాసుకుంటాను. వరస తప్పితే నాకు ఏదీ బోధపడదు.

పోయిన సీజన్లో ఇరవై నాలుగు మ్యాచ్‌లు. గెలిచినవి అయిదు, డ్రా రెండు, ఓడినవి పదిహేడు. లీగ్‌లో అట్టడుగు. హెడ్ కోచ్ నా కొడుకు. మార్చి 9న పోయాడు. వాడికి నలభై నాలుగేళ్లు. ఆ తరవాత క్లబ్ పద్దెనిమిది మందిలో పదమూడు మందిని పంపించేసింది. కొత్తగా వచ్చినవాళ్ల సగటు వయసు ఇరవై. పునాదుల నుంచి కడుతున్నాం అంటున్నాడు యజమాని. కట్టడానికి మేస్త్రీ కావాలి.

వడపోతలో ఇద్దరు మిగిలారు. ఒకరిని అందరూ పెద్దాయన అంటారు. నాలుగు జట్లకి కోచ్‌గా చేశాడు, నాలుగూ సాగనంపాయి. అయినా అనుభవం అనుభవమే. రెండో మనిషి నా కోడలు. ఎనిమిదేళ్లు అసిస్టెంట్ కోచ్. హెడ్ కోచ్‌గా ఒక్క రోజు కూడా చెయ్యలేదు.

ఎంపిక చేసేది యజమాని, మేనేజర్, నేను. వచ్చినవాళ్లు చెప్పుకునే గొప్పల్ని రిజిస్టర్‌తో సరిచూడడానికి స్కోరర్ ఉండాలని క్లబ్ నియమం. కోడలి సంగతి కాబట్టి తప్పుకుంటానన్నాను. యజమాని నవ్వాడు. మీరు కోడలికి అర మార్కు ఎక్కువ వేస్తారంటే ఈ మైదానంలో గడ్డి కూడా నమ్మదండీ అన్నాడు. మా మైదానం ప్లాస్టిక్ టర్ఫ్. గడ్డి లేదు. ఆ మాటే చెప్పాను. ఇంకా నవ్వాడు.

జూన్ 3. మధ్యాహ్నం 2:00

రిజిస్టర్ ఇచ్చి వచ్చాను. చిత్తు పుస్తకం ఇవ్వలేదు. ఎవరూ అడగలేదు.

జూన్ 5, గురువారం. సాయంత్రం

మొదటి మీటింగ్. మేనేజర్ రిజిస్టర్ మొత్తం చదివాడు. పచ్చ కాగితాలు అంటించి మరీ చదివాడు. క్లాసులో ఇలాంటి పిల్లలంటే నాకు ఇష్టంగా ఉండేది.

నా రిజిస్టర్లో అడ్డవరసకి ఏడు గడులు. ఏడోది నేనే పెట్టాను, చేరిన మొదటి ఏడాదే. ఆ రోజుల్లో ఓడినప్పుడల్లా బెంచ్ మీద ఒకటే రభస. ఆ మార్పు నేను చెప్పలేదంటే నేను చెప్పలేదని. ఆడలేక మద్దెల ఓడు. అందుకని ఏడో గడికి ‘ఎవరు చెప్పారు’ అని పేరు పెట్టాను. నా బల్ల బెంచ్‌కి నాలుగడుగుల దూరం. ఒకడిని తీసి ఒకడిని పంపినా, పెనాల్టీ కార్నర్ కొట్టేవాడిని మార్చినా, ఎవరి నోట మాట వచ్చిందో వాళ్ల పేరు అందులో పడుతుంది. చెయ్యి ఎత్తినవాళ్ల పేరు కాదు, చెప్పినవాళ్ల పేరు. ఆ గడి వచ్చాక రభస తగ్గింది.

మేనేజర్ చూపించింది ఆ గడినే. ఒకటో మ్యాచ్ నుంచి పదహారో మ్యాచ్ దాకా కోడలి పేరు ఒక్కసారి కూడా లేదు. అంతకు ముందు సీజన్లలో మ్యాచ్‌కి మూడో నాలుగో ఉండేవి. మనిషి మంచిదే, కాదనను, కానీ బస్సులో కండక్టర్ కూడా ఇంతకంటే ఎక్కువ నోరు విప్పుతాడండీ అన్నాడు. పదిహేడో మ్యాచ్ నుంచి ఆమె సెలవు. మావాడు మంచాన పడ్డాడు. ఆ చివరి ఎనిమిదింటికీ మేనేజరే బెంచ్ మీద నిలబడ్డాడు, ఎనిమిదీ ఓడాం. నా పేరు మాత్రం ఎనిమిదింట్లోనూ దస్తూరీ చెడకుండా రాశారు పంతులమ్మ గారు అని నా వైపు చూసి నవ్వాడు.

నిజమే. రాశాను.

యజమాని పెద్దాయన వైపు మొగ్గుతున్నాడు. ఒకటి నుంచి పదహారు వరకు తిప్పి చూసి, ఎనిమిది నుంచి పదహారు, ఈ తొమ్మిది మ్యాచ్‌లూ మీవాడి బంగారం అమ్మా అన్నాడు. అయిదు గెలుపులూ, రెండు డ్రాలూ ఆ తొమ్మిదిలోవే. కారిడార్‌లో మావాడి ఫొటో కింద బోర్డు రాయించాడట, ‘ఆ తొమ్మిది మ్యాచ్‌ల గురువుకి’ అని. వెళ్లేటప్పుడు చూడమన్నాడు. వెనక గేటు నుంచి వెళ్లాను.

జూన్ 6, శుక్రవారం. ఉదయం 5:30

రాసేస్తాను.

పోయిన ఆగస్టులో మావాడికి తలలో గడ్డ ఉందని తేలింది. డాక్టర్ మాకు బొమ్మ వేసి చూపించాడు. మొదట ఏది పోతుందో చెప్పలేం, ఒక్కొక్కరికి ఒక్కోటి అన్నాడు. లెక్కల పంతులమ్మ కొడుక్కి మొదట పోయినవి అంకెలు. చొక్కా వీపు మీద 7 అని ఇంతెత్తున ఉంటుంది. దాన్ని చూసి, పెదవులు కదిపి, ఊరుకునేవాడు.

ముగ్గురం ఆడవాళ్లం ఇంట్లో. నేను, కోడలు, పంతొమ్మిదేళ్ల మనవరాలు. మా ముగ్గురినీ కూర్చోబెట్టి మాట తీసుకున్నాడు. క్లబ్‌లో తెలియకూడదు, తెలిస్తే ఈ పూటే దించేస్తారు, ఈ ఒక్క సీజన్ నన్ను నిలబడనివ్వండి అన్నాడు. మొదటి ఏడు మ్యాచ్‌లు తానే చేశాడు. ఏడూ ఓడాం. ఎనిమిదో మ్యాచ్ నాడు కోడలు వెళ్లి వాడికి ఎడమ పక్కన, భుజం తగిలేంత దగ్గరగా నిలబడింది. ఆట చూస్తూనే, తల తిప్పకుండా, గొంతు పెంచకుండా చెప్పేది. వాడు చెయ్యి ఎత్తేవాడు. స్టాండ్స్‌లో కూర్చున్నవాళ్లకి కనిపించేది చెయ్యి. నా బల్ల దగ్గరికి వినిపించేది గొంతు.

మ్యాచ్ జరిగేటప్పుడు నేను చిత్తు పుస్తకంలో పెన్సిల్‌తో రాస్తాను. చెవి విన్నది చెయ్యి రాస్తుంది, మధ్యలో నేనుండను. అందులో కోడలి పేరే రాశాను. సాయంత్రం ఇంటికొచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చుని సిరాతో రిజిస్టర్లోకి ఎత్తుతాను. ఎనిమిదో మ్యాచ్ సాయంత్రం మావాడు సోఫాలో పడుకుని ఉన్నాడు. గెలిచాం కదమ్మా అన్నాడు. గెలిచాం నాన్నా అన్నాను. ఏడో గడి దగ్గర పెన్ను ఆగింది. చాలాసేపు ఆగింది. తరవాత వాడి పేరు రాసింది. తొమ్మిదో మ్యాచ్‌కి కొంచెం సేపు ఆగింది. పదో మ్యాచ్ నుంచి ఆగలేదు.

కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. కానీ కాకి రిజిస్టర్లు రాయదు.

ఇవాళ పొద్దున్నే రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఆ తొమ్మిది మ్యాచ్‌లలో ఏడో గడి నిండిన వరసలు 137. కోడలివి 131. వాడివి 6.

ఒక పిల్లను ఆ ఉద్యోగానికి పనికిరాదని చెబుతున్న కాగితం నా చేతివ్రాత.

జూన్ 9, సోమవారం. సాయంత్రం

ఇంటర్వ్యూలు.

పెద్దాయన పదిన్నరకి రావలసింది, పదీ నలభైకి వచ్చాడు. తలుపు తీస్తూనే కుర్చీ నాదేనా అన్నాడు. మనిషికి చమత్కారం ఉంది. ఈ వయసు పిల్లలకి ముందు భయం నేర్పాలి, ఆట దాని వెనకాలే వస్తుంది అన్నాడు. నాలుగు చోట్ల ఎందుకు పంపేశారని మేనేజర్ అడిగితే, పెళ్లికూతురికి వంకలు చెప్పని పెళ్లివారుంటారా అన్నాడు. యజమానికి నచ్చాడు. నాకూ కొంత నచ్చాడు. రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

కోడలు అయిదు నిమిషాలు ముందే వచ్చి బయట నిలబడి ఉంది. ఇంట్లోంచి ఒకే దారిలో వచ్చాం, ఆమె ఒక బస్సు, నేను ఒక బస్సు. కొత్త కుర్రాళ్ల ఆట అందరిదీ ముందే చూసి వచ్చింది. ఒకడు బంతి వస్తున్నప్పుడు కళ్లు దించుతాడట, ఎవరో చిన్నప్పుడు బాగా తిట్టి ఉంటారు అంది. ఇంకొకడు తప్పు చేసిన ప్రతిసారీ బెంచ్ వైపు చూస్తాడట. వాణ్ణి మూడు మ్యాచ్‌లదాకా తియ్యకూడదు, ఎన్ని తప్పులు చేసినా తియ్యకూడదు, అప్పుడు బెంచ్ వైపు చూడడం మానేస్తాడు అంది. మేనేజర్ రాసుకోవడం ఆపి విన్నాడు.

అప్పుడు యజమాని సూటిగా అడిగాడు. చూడమ్మా, ఆ తొమ్మిది మ్యాచ్‌లలో నువ్వు చెప్పిందేమైనా ఉందా, ఒక్కటున్నా చెప్పు, నాకు పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి అన్నాడు.

ఆమె నా వైపు చూడలేదు. బల్ల మీదున్న రిజిస్టర్ వైపు చూసింది. అన్నీ ఆయన చెప్పినవేనండీ, అందులో ఉన్నదే నిజం అంది.

నేను మంచినీళ్లు తాగాను. గ్లాసు కింద పెడితే చప్పుడైంది. ఓటు వచ్చే సోమవారం.

జూన్ 10, మంగళవారం

ఇంట్లో మాటల్లేవు. మనవరాలు కంచాలు తీస్తూ, నానమ్మా, మీరిద్దరూ రోజూ పోట్లాడుకుంటేనే ఇల్లు ప్రశాంతంగా ఉండేది అంది.

జూన్ 11, బుధవారం. మధ్యాహ్నం

గోడ వచ్చాడు. మా గోల్‌కీపర్‌ని అందరూ అలాగే పిలుస్తారు. పాతవాళ్లలో మిగిలిన అయిదుగురిలో ఒకడు. ఆరడుగుల నాలుగంగుళాలు. గుమ్మంలో తల వంచి, లోపలికి వచ్చాక కూడా ఎత్తడం మర్చిపోయాడు.

టీ ఇచ్చాను. తాగకుండా పట్టుకు కూర్చుని, పంతులమ్మా, పెద్దాయన వస్తాడట కదా అన్నాడు. ఇంకా తేలలేదన్నాను. అక్క పేరు రిజిస్టర్లో లేదంట కదా అన్నాడు. కోడల్ని వాళ్లంతా అక్క అంటారు. మేం చెవిటివాళ్లం కాదు పంతులమ్మా అన్నాడు. బెంచ్ మీద ఉన్న ప్రతివాడికీ తెలుసట. మాట ఎడమ పక్క నుంచి వస్తోందని ఎనిమిదో మ్యాచ్‌లోనే తెలిసిందట. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదట. సార్ చెయ్యి ఎత్తేదాకా ఆగి, అప్పుడు లేచేవాళ్లమండీ, ముందే లేస్తే ఆయనకి తెలిసిపోతుందని అన్నాడు.

నాకు ఎదురుగా ఉన్న కిటికీ చువ్వలు లెక్కపెట్టాను. పదకొండు.

పద్నాలుగో మ్యాచ్ యాభై రెండో నిమిషంలో నన్ను తీసెయ్యమన్నది మాత్రం ఆయనే, అక్క వద్దంది, ఆయన వినలేదు, నాకు గుర్తుంది అన్నాడు. నాకూ గుర్తుంది. తరవాత, మీ బల్ల అంత దగ్గర కదా, మీకు వినపడలేదా అని అడిగాడు. వెటకారం కాదు, అమాయకంగానే అడిగాడు.

వినపడింది అన్నాను.

టీ తాగేసి, గ్లాసు తనే కడిగి బోర్లించి, మళ్లీ తల వంచి వెళ్లిపోయాడు.

జూన్ 12, గురువారం. సాయంత్రం 5:15

కోడలు వరండాలో కూర్చుని ప్రాక్టీసు చొక్కాలకి ఊడిన నంబర్లు కుట్టుకుంటోంది. ఉద్యోగం వస్తుందో రాదో తెలియకుండా ఆ పని ఎందుకో అడగలేదు. ఎదురుగా కూర్చున్నాను. సోమవారం ఎందుకు అబద్ధం చెప్పావు అమ్మాయ్ అన్నాను.

సూది ఆపలేదు. మీ రిజిస్టర్ తప్పని నేనెలా చెప్పను అత్తయ్యా, ఈ ఇరవై తొమ్మిదేళ్లలో ఆ మాట ఎవరైనా అన్నారా అంది.

అంటే చూశావన్న మాట అన్నాను. నవంబర్లోనే చూశాను అంది. ఆయన రోజూ మధ్యాహ్నం ఆ పుస్తకం తెప్పించుకునేవారు, అంకెలు తెలిసేవి కావు, నన్ను చదవమనేవారు, ఏడో గడి దగ్గరికి వచ్చేసరికి తన పేరు తనే చదువుకునేవారు, అక్షరాలు చివరిదాకా ఉన్నాయి కదా, నేనే చెప్పానా ఇది అని అడిగేవారు, మీరే అనేదాన్ని అంది.

ఇది నాకు తెలియదు. నేను బజారుకి వెళ్లిన వేళల్లో జరిగి ఉంటుంది.

ఇరవై ఏళ్లుగా ఈ పిల్ల కూరలో ఉప్పు గురించి, తడి తువ్వాలు గురించి, ఆలస్యంగా లేవడం గురించి నేను అన్న ప్రతి మాటకీ సమాధానం చెప్పింది. దీని గురించి మాత్రం ఏడు నెలలు నోరు మెదపలేదు. ఒకే ఇంట్లో, ఒకే మనిషి కోసం, ఒకరికి తెలియకుండా ఒకరం అదే అబద్ధం మోశాం.

సరిదిద్దుతాను అన్నాను. అప్పుడు సూది ఆగింది. వద్దు అత్తయ్యా, నాకు బడి పిల్లలకి నేర్పే పని ఎక్కడైనా దొరుకుతుంది, ఆయనకి ఆ తొమ్మిదీ తప్ప ఇంకేం మిగిలింది అంది. ఉన్నాయి, ఆరు ఉన్నాయి అన్నాను. ఆరేమిటి అంది. చెప్పకుండా లేచి వచ్చేశాను. ఆమె ముందు ఏడవడం నాకు అలవాటు లేదు.

జూన్ 15, ఆదివారం

సిరా నింపాను.

జూన్ 16, సోమవారం. మధ్యాహ్నం 3:00

ఓటుకి ముందు మాట్లాడాలన్నాను. చిత్తు పుస్తకం బల్ల మీద పెట్టాను. జబ్బు ఆగస్టులోనే తెలిసిందని చెప్పాను. అంకెలు పోయాయని చెప్పాను. ఎడమ పక్క గొంతు సంగతి చెప్పాను. ఏడో గడిలో 131 చోట్ల అబద్ధం రాసింది నేనని, ఎవరూ రాయమనలేదని చెప్పాను.

యజమాని చిత్తు పుస్తకం తిప్పి చూసి, అమ్మా, ఇది మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా అన్నాడు. అందుకే చెప్పవలసి వచ్చింది అన్నాను.

రిజిస్టర్ సరిదిద్దడానికి పద్ధతి ఉంది. చెరపకూడదు. తప్పు మీద ఒకే గీత, కింది అక్షరాలు కనిపించాలి. పైన సరైనది. పక్కన పొడి అక్షరాలు, తేదీ. వాళ్లిద్దరి ఎదుటే మొదలుపెట్టాను. పదీ అయిదుకి మొదలుపెట్టి పన్నెండూ నలభైకి ముగించాను. నూట ముప్పై ఒక్కసార్లు నా కొడుకు పేరు కొట్టేశాను. మేనేజర్ పేజీలు పట్టుకున్నాడు, ఫ్యాన్ గాలికి ఎగరకుండా. మధ్యలో ఒకసారి ఇక చాలమ్మా, మిగతావి మాకు అర్థమయ్యాయి అన్నాడు. సగం సరిదిద్దిన లెక్క సున్నాయే అన్నాను.

మిగిలిన ఆరూ చదవమన్నాడు యజమాని. చదివాను. నాలుగు చిన్నవి. అయిదోది పద్నాలుగో మ్యాచ్, యాభై రెండో నిమిషం. ఒక గోలు వెనకబడి ఉన్నాం. కోడలు ఇంకా ఆగుదామంది. వాడికి పేరు దొరకలేదు, నంబరు దొరకలేదు. ఆ పొడుగాయన్ని తియ్యండి, గోలు ఖాళీగా ఉన్నా ఫరవాలేదు, ఇంకొకణ్ణి ముందుకి పంపండి అన్నాడు. యాభై ఎనిమిదిలో గోలు కొట్టాం. డ్రా. ఆరోది పదహారో మ్యాచ్, యాభై ఏడో నిమిషం, మూడు గోల్స్ ముందున్నాం. అది వాడికి ఆఖరి మ్యాచ్. ఇక ఎవర్నీ మార్చకండి, ఆడుకోనివ్వండి అన్నాడు.

137లో ఉన్నప్పుడు ఆ ఆరూ కనిపించలేదు. చుట్టూ గీతలు పడ్డాక కనిపించాయి.

తరవాత నేను రాజీనామా ఇచ్చాను. స్కోరర్ పనికి, ఓటుకి కూడా. ఒక్క పేజీ తప్పయినా తక్కిన ఇరవై ఎనిమిది రిజిస్టర్లనీ ఎవరైనా అనుమానించవచ్చు, ఆ హక్కు వాళ్లకుంది. యజమాని వద్దనబోయాడు. మేనేజర్ అతన్ని ఆపి కాగితం తీసుకున్నాడు. నా మర్యాద నిలబెట్టినవాడు అతనే. ఎనిమిది మ్యాచ్‌లు ఆ చోట నిలబడ్డవాణ్ణి నేను, ఒక్క మాట సరిగ్గా చెప్పడానికి నాలుక ఎండిపోయేది, ఆవిడ పక్కనున్న మనిషిని మోస్తూ నూట ముప్పై ఒకటి చెప్పింది, నా ఓటు ఆవిడకే అన్నాడు.

కారిడార్‌లోంచే బయటికి వచ్చాను. ఫొటోలో మావాడు చెయ్యి ఎత్తి ఉన్నాడు.

జూన్ 18, బుధవారం. ఉదయం

యజమాని ఫోన్ కోడలికే వచ్చింది. ఏడాది కాంట్రాక్ట్. అలాగేనండీ అని మూడుసార్లు అనడం హాల్లోకి వినిపించింది. మనవరాలు ఎగిరి గంతేసింది, వెంటనే తండ్రి కుర్చీ చూసి ఆగిపోయింది.

కోడలు వంటింట్లోకి వచ్చి నా వెనక నిలబడింది. ఉద్యోగం వచ్చింది అత్తయ్యా అంది. సంతోషం అన్నాను. ఆయనకి చదివి వినిపించీ వినిపించీ ఆ తొమ్మిదీ ఆయనవేనని నేనూ నమ్మేశాను, ఇప్పుడవి నావట, నేనేం చేసుకోను అంది. స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. ఆమె చూస్తూ నిలబడింది. నేనూ చూస్తూ నిలబడ్డాను. ఇద్దరిలో ఎవరం స్టవ్ కట్టలేదు. మనవరాలు వచ్చి కట్టింది.

జూన్ 21, శనివారం. ఉదయం 6:10

జరగవలసినవి:

1. సోమవారం పదికి ఇరవై తొమ్మిది రిజిస్టర్లూ కొత్త స్కోరర్‌కి అప్పగించాలి. సంతకం తీసుకోవాలి.

2. కారిడార్‌లో బోర్డు మార్చాలి, ‘తొమ్మిది మ్యాచ్‌ల’ బదులు ‘ఆరు మాటల’ అని. ‘ఆరు’ అంటే ఏమిటని అడిగినవాళ్లకి గోడ చెబుతాడు. ఒప్పుకున్నాడు.

3. కోడలికి ఎడమ పక్కన ఖాళీ ఉంచకూడదు. ఆమె మాటకి ఎదురు చెప్పగల అసిస్టెంట్‌ని పెట్టుకోవాలి. ఇంట్లో అయితే నేనున్నాను.

4. మ్యాచ్ రోజు ఆమె తిని వెళ్లాలి. తినకపోతే నేను ఏమీ అనకూడదు.

5. నేను టికెట్ కొనుక్కుని స్టాండ్స్‌లో కూర్చోవాలి. అక్కడికి గొంతులు వినిపించవు. అలవాటు చేసుకోవాలి.

6. ఓడిన రోజు కూడా ఏడో గడిలో ఆమె పేరే రాయాలి. ప్రేమ కొద్దీ ఎవరూ మార్చకూడదు.

7. సీజన్ అయ్యాక చిత్తు పుస్తకం చించెయ్యాలన్నది నా నియమమే. ఈ ఒక్కటీ చించకూడదు. అందులో వాడి మాట ఆరు చోట్ల, పెన్సిల్‌తో ఉంది.